జీమ్యాట్ మూడుసార్లు రాశాను, స్కోర్ కదలట్లేదు... మళ్లీ రాయాలా, మానేయాలా?

ఎంబీఏ సీటు కోసం మూడుసార్లు జీమ్యాట్ రాస్తే 575, 595, 585 వచ్చాయి, ఇంట్లో మాక్‌లు (నమూనా పరీక్షలు) రాస్తే మాత్రం 655 దాకా వస్తోంది, అసలు పరీక్షలో ఏమవుతుందో తెలియట్లేదు అని రాశారు. తోడికోడలు 2019లో రాసి 710 తెచ్చుకుంది కాబట్టి ఇంట్లో ఏ మాటొచ్చినా అక్కడికే పోతోందనీ, మీవారు పైకి ఏమీ అనకపోయినా మొహంలో తెలుస్తోందనీ, అందుకే ఈసారి ఎవరికీ చెప్పకుండా స్లాట్ బుక్ చేసుకుందామనుకుంటున్నాననీ, లేదంటే ఉద్యోగం మానేసి చదివితేనన్నా వస్తుందేమో అనీ అడిగారు.

ముందు ఆ 710 సంగతి మాట్లాడదాం అమ్మా, మీ ఉత్తరం నిండా అదే ఉంది కాబట్టి. ఆవిడ రాసింది పాత జీమ్యాట్. 2023 నవంబర్‌లో కొత్తది వచ్చింది, ఇందులో స్కోర్లు 205 నుంచి 805 దాకా ఉంటాయి, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది, అంటే 710 అనే స్కోర్ ఇప్పుడు ఎంత బాగా రాసినా ఎవరికీ రాదు. పర్సంటైల్ లెక్కన, అంటే రాసినవాళ్లలో ఎంత శాతం మందిని దాటారని చూస్తే, పాత 700కి ఇప్పటి 645 ఇంచుమించు సమానం. మీ 595 పక్కన ఆవిడ 710 పెట్టి 115 మార్కుల తేడా అని ఇంట్లో అనుకుంటున్నారు చూడండి, ఆ లెక్కే తప్పు. తేడా ఉంది, లేదని చెప్పను, కానీ అంత లేదు. ఈ విషయం మీవారికి ఒకసారి కూర్చుని చెప్పండి. అత్తగారికి వివరించే పని పెట్టుకోకండి, ఇప్పుడు ఆ ఓపిక వేరేచోట కావాలి.

ఇక 655. అఫీషియల్ ఫ్రీ మాక్‌లు రెండే ఉంటాయి, వాటినే రీసెట్ చేసి మళ్లీ మళ్లీ రాస్తున్నానని మీరే అన్నారు, మధ్యలో బాబు లేస్తే పాజ్ చేశానని కూడా అన్నారు. చూసిన ప్రశ్న మళ్లీ కనిపిస్తే ఆన్సర్ సగం గుర్తుంటుంది, అక్కడ మిగిలిన టైమ్ పక్క ప్రశ్నకి దొరుకుతుంది, స్కోర్ పెరుగుతుంది. కాబట్టి ఆ 655ని మీ స్థాయి అనుకోకండి. పరీక్షరోజు ఏదో అయిపోయి 70 పాయింట్లు పోగొట్టుకున్నానని ఇన్నాళ్లూ మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు, నిజానికి పోయిందేమీ లేదు, మూడుసార్లూ మీ చదువు ఎక్కడుందో అక్కడే వచ్చింది. ఇది వినడానికి బాధగానే ఉంటుంది, కానీ పరీక్ష హాలంటేనే భయపడటం కన్నా ఇది చాలా నయం, ఎందుకంటే స్థాయి పెంచుకోవచ్చు. డబ్బు కట్టి తీసుకునే అఫీషియల్ మాక్‌లు ఇంకో నాలుగున్నాయి, వాటిని ఊరికే వాడేయకండి, చివరి నెలలో పాజ్ లేకుండా, ఫోన్ పక్క గదిలో పెట్టేసి రాయడానికి దాచుకోండి.

మీరు పంపిన తప్పుల నోట్‌బుక్ పేజీ చూశాను. దాదాపు ప్రతి తప్పు పక్కనా 'సిల్లీ మిస్టేక్' అని రాసుకున్నారు. అందులో ఒకటి చూడండి, x సున్నా కన్నా పెద్దదా అనేది ప్రశ్న, x స్క్వేర్ 49 అని ఇచ్చి, అది తేల్చడానికి ఇది సరిపోతుందా అని అడిగాడు, మీరు x అంటే 7 అనుకుని ఈ ఇన్ఫర్మేషన్ సరిపోతుంది అని పెట్టేశారు, మైనస్ 7 గుర్తు రాలేదు. అదే పేజీలో కింద ఇంకో రెండు లెక్కల్లో కూడా నెగెటివ్ నంబరే మర్చిపోయారు. ఒకే పొరపాటు ఒకే పేజీలో మూడుసార్లు వస్తే దాన్ని సిల్లీ అనకూడదు, అది అలవాటు. ఇకనుంచి ఆ మాట రాయకండి, 'నెగెటివ్ చూడలేదు', 'అడిగింది పర్సెంట్, నేను తీసింది నంబర్' అని ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండు వారాల్లో మీకే కనిపిస్తుంది, తప్పులన్నీ నాలుగైదు రకాలే అని. కొత్త కోర్సులూ కొత్త పుస్తకాలూ కొనడం మాత్రం దయచేసి ఆపండి, మొదటినుంచి మళ్లీ మొదలుపెడితే వచ్చినవే మళ్లీ చదువుతూ కూర్చుంటారు.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. క్వాంట్‌లో, అంటే లెక్కల సెక్షన్‌లో, 21 ప్రశ్నలకి 45 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైన కొంచెం. మీరేమో ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆరు నిమిషాలు కూర్చున్నారట, చివరి నాలుగు చదవకుండానే నొక్కేశారట. బాగా చదివే పిల్లలకే ఇది ఎక్కువ, వదిలేస్తే ఓడిపోయినట్టు ఫీలవుతారు. కరెక్ట్‌గా చేసేకొద్దీ ఆ పరీక్ష కష్టమైనవే ఇస్తుంది, కాబట్టి కష్టం తగిలిందంటే అయిపోయిందని కాదు. రెండున్నర నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి, బుక్‌మార్క్ చేసి ముందుకెళ్లండి, సెక్షన్ చివర టైమ్ మిగిలితే మూడు ఆన్సర్ల దాకా మార్చుకోనిస్తారు. సెక్షన్ల వరస కూడా మన ఇష్టమే, మీకు వెర్బల్, అంటే ఇంగ్లీష్ సెక్షన్, ధైర్యం కాబట్టి దాంతో మొదలుపెట్టండి, హాల్లో చేతులు చల్లబడతాయన్నారుగా, అదీ దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోయినా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం ఇలాగే ఉన్నా సిగ్గుపడకుండా సైకాలజిస్టుని కలవండి.

ఉద్యోగం మానొద్దు. బిజినెస్ స్కూళ్లు పని అనుభవం కూడా చూస్తాయి, పైగా రోజంతా ఈ పరీక్షే అయితే ఒక్క మాక్ తగ్గినా ఆ రోజంతా తినలేరు మీరు.

దాచిపెట్టి రాయడం అసలొద్దు. మీ పరీక్ష భయానికి దొరికిపోతాననే భయం కూడా తోడవుతుంది. 16 రోజుల గ్యాప్ ఉంటే చాలు, ఏడాదిలో ఐదుసార్లు రాయనిస్తారు, కానీ రాయనిస్తారని రాసేయకూడదు, మూడోది మీరు కోపంలో మూడు వారాలకే రాసేశారు కదా. ఈసారి మూడు నెలల తర్వాత డేట్ పెట్టుకోండి. పాత స్కోర్లు మీరు పంపితే తప్ప స్కూళ్లకి వెళ్లవు, ఆ దిగులు వదిలేయండి. ఈసారీ రాకపోతే జీఆర్ఈ అని ఇంకో ప్రవేశ పరీక్ష ఉంది, చాలా స్కూళ్లు రెండిట్లో ఏదైనా తీసుకుంటాయి, దానికీ ఫ్రీ మాక్‌లున్నాయి కాబట్టి ఒకటి రాసి చూసుకోండి.

మీవారితో మాత్రం ఈ వారంలోనే మాట్లాడండి. నేను మళ్లీ రాస్తున్నాను, ఫలానా డేట్, ఇదే చివరిది, రాకపోతే ఉన్న స్కోర్‌తోనే అప్లై చేస్తాను అని సూటిగా చెప్పండి. ఆయన మొహం చూసి 'ఇంకెన్నాళ్లు' అనుకుంటున్నారని మీరు ఊహించుకున్నారు, ఆయన నోటితో ఏమన్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడగండి. అలాగే పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకా బాబుని ఆయన చూసుకుంటారేమో కూడా అడగండి, ఎందుకంటే మీరు చెప్పిన టైమ్‌టేబుల్లో అందరూ పడుకున్నాక రాత్రి పదకొండింటికి తప్ప చదువు లేదు, ఆ టైమ్‌లో ఎవరికైనా లెక్క తప్పుతుంది.