నారింజ రంగు చూసి వచ్చిన అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పూర్తిచేసింది. ఇంటర్ తర్వాత రెండుసార్లు నీట్ రాసినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏఐతో కలిపి జీనోమిక్స్ (ప్రాణుల మొత్తం జన్యువుల అధ్యయనం) చెప్పే ఎమ్మెస్సీ కోర్సుకు పాతికవేలు అడ్వాన్స్ కట్టి, సర్టిఫికెట్లు కూడా ఇచ్చాను. తనేమో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి డీఎన్‌ఏ తయారుచేస్తానంటోంది. వేసవిలో హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు వెళ్లింది. అక్కడ మెషీన్‌లో ఏదో నారింజ రంగు వస్తుందట, అది చూసి వచ్చినప్పటి నుంచి ఇదే పాట. డీఎన్‌ఏ అంటే బయాలజీ కదా? కెమిస్ట్రీ చదివితే ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టులు తప్ప ఏముంటుంది? రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ఉత్తరం పెద్దది, పైన ఇచ్చింది అందులో కొంతే. మిగతాదాంట్లో నీట్ ర్యాంకులున్నాయి, మీ బావమరిది కూతురు చదివే మెడికల్ కాలేజీ ఉంది, పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతం ఉంది. మీ అమ్మాయికి ఏమిష్టమో చెప్పే మాట మాత్రం ఒక్కటే దొరికింది. అది విసుగ్గా రాసిన ఆ నారింజ రంగు మాట. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ అమ్మాయి చూసింది డీఎన్‌ఏ సింథసైజర్ అయి ఉంటుంది. డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రకాల అణువుల గొలుసు, వాటినే అక్షరాలంటాం. ఈ మెషీన్‌లో డీఎన్‌ఏను ఏ ప్రాణి నుంచీ తీయరు. సన్నటి గాజు పూసల మీద ఒక్కో అక్షరాన్ని రసాయనికంగా అతికిస్తూ కడతారు. ప్రతి అక్షరానికీ ఒక చివర రక్షణగా తొడుగు ఉంటుంది. తర్వాతి అక్షరం చేరాలంటే ముందు ఆ తొడుగును ఆమ్లంతో ఊడగొట్టాలి. ఊడిన తొడుగు ఆ ఆమ్లంలో నారింజ రంగులో కనిపిస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కొలిస్తే కిందటి అక్షరం ఎంతమేరకు అతుక్కుందో తెలిసిపోతుంది. కళ్లెదుట కనిపించని అణువులతో పనిచేసేవాళ్లకు ఆ రంగే కబురు. డిగ్రీ పిల్ల దాన్ని చూసి ఇంటికొచ్చి నెలల తరబడి అదే మాట్లాడుతోందంటే, నేనైతే సంతోషిస్తాను.

ఇక లెక్క చూడండి. ఒక్కో అక్షరం 99 శాతం అతుక్కుంటుందనుకుందాం. చాలా బాగుందనిపిస్తుంది కదా? 20 అక్షరాల ముక్క కట్టేసరికి వందలో 82, 83 గొలుసులే పూర్తిగా సరైనవి. 100 అక్షరాలకు వెళ్తే 37. అదే 98 శాతమైతే 100 అక్షరాల దగ్గర 13, 14 మిగులుతాయి. ద్రావకంలో కాస్త తేమ చేరినా ఆ ఒక్క శాతం పోతుంది. ఆ ఒక్క శాతాన్ని కాపాడేది కెమిస్ట్. మెషీన్ రాత్రంతా దానంతటదే నడుస్తుంది, నిజమే. కానీ దాంట్లో పోసే ఫాస్ఫోరమిడైట్‌లను, అంటే అతికించడానికి సిద్ధంచేసిన అక్షరాలను, ఎవరో తయారుచేయాలి. చివర్లో ఒక అక్షరం తక్కువైన ముక్కలను హెచ్‌పీఎల్‌సీ అనే, మిశ్రమాలను విడదీసే యంత్రం మీద ఎవరో వేరుచేయాలి. మిల్లీగ్రాముల్లో వచ్చిన పద్ధతిని కిలోలకు ఎవరో పెంచాలి. ఈ పనులు తెలిసినవాళ్లు తక్కువ. ఫాస్ఫోరమిడైట్‌లు, వాటికి ముడిసరుకైన న్యూక్లియోసైడ్‌లు తయారుచేసే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, సపాలా ఆర్గానిక్స్ అలాంటిదే.

"డీఎన్‌ఏ అంటే బయాలజీ కదా" అన్నారు. హరగోవింద్ ఖొరానా ఏం చదివారో తెలుసా? కెమిస్ట్రీ. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక చిన్న పల్లెలో పట్వారీ కొడుకు, లాహోర్‌లో ఎమ్మెస్సీ చేశారు, లివర్‌పూల్‌లో పీహెచ్‌డీ. చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలను, దానికి దగ్గరి చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కట్టి, ఏ మూడక్షరాలు ఏ అమైనో ఆమ్లాన్ని (ప్రొటీన్లకు ఇటుకల్లాంటివి) సూచిస్తాయో తన బృందంతో తేల్చారు. 1968లో ఆయనకు వచ్చిన నోబెల్ కెమిస్ట్రీలో కాదు, వైద్యశాస్త్రంలో. 1970లో మొత్తం ఒక జన్యువునే ల్యాబ్‌లో కట్టామని ప్రకటించారు. ఎంతోమంది ఏళ్లపాటు చేతులతో చేసిన పని అది. తర్వాత 1980ల మొదట్లో అమెరికాలో మార్విన్ కరూథర్స్ బృందం తెచ్చిన ఫాస్ఫోరమిడైట్ పద్ధతితో అలాంటి పని గంటల్లోకి వచ్చింది. మీ అమ్మాయి చూసిన మెషీన్ దాదాపు కచ్చితంగా ఆ పద్ధతిలోనే నడుస్తుంది. మన దగ్గర కూడా ఈ దారి కొత్తది కాదు. 1980లలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో డీఎన్‌ఏ సింథసిస్ సదుపాయం నెలకొల్పిన కె.ఎన్. గణేశ్ గారు ఆర్గానిక్ కెమిస్ట్. ఆయన తర్వాత కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన పుణె ఐసర్‌కూ తిరుపతి ఐసర్‌కూ డైరెక్టర్‌గా పనిచేశారు.

దీనివల్ల జనానికి ఏం ఒరిగిందంటారా? కోవిడ్‌లో మీ ఇంట్లో అందరూ ఆర్టీపీసీఆర్ చేయించుకునే ఉంటారు. వైరస్‌ను పట్టుకోవడానికి ఆ పరీక్షలో వాడే ప్రైమర్లు ఇలా కట్టిన, ఇరవైకి అటూఇటూ అక్షరాలుండే ముక్కలే. ఎస్ఎంఏ అనే, కండరాలను బలహీనపరిచే జన్యు జబ్బు పేరు పదహారు కోట్ల ఇంజెక్షన్ కోసం విరాళాలు అడిగిన వార్తల్లో విన్నారు కదా. అది జన్యుచికిత్స, వేరే మందు. అదే జబ్బుకు 2016లో అమెరికాలో అనుమతి పొందిన న్యూసినర్సెన్ మాత్రం 18 అక్షరాల ముక్క, మొదటి నుంచి చివరిదాకా రసాయనికంగా కట్టిందే. కొలెస్ట్రాల్‌కు ఆరునెలలకోసారి తీసుకునే ఇన్‌క్లిసిరాన్ కూడా ఈ జాతిదే. 2018లో బోస్టన్‌లో ఒకే ఒక్క పాప కోసం, ఆమె జన్యువులోని లోపానికి సరిగ్గా సరిపోయేలా ఇలాంటి ముక్కతోనే ఒక మందు తయారుచేసి వాడారు. ఆ పాప తర్వాత బతకలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. కానీ ఒక్క మనిషి కోసం మందు తయారుచేయడం సాధ్యమేనని అప్పుడు తేలింది.

ఎంఆర్ఎన్ఏ టీకాలు బయోటెక్నాలజీ వల్లే వచ్చాయని మీరు రాశారు. సగం నిజం. నాలుగువేలకు పైగా అక్షరాలున్న ఆ గొలుసును మెషీన్ మీద కట్టలేరు, ఎంజైమ్‌తోనే చేస్తారు. కానీ ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాల్లో ఒకటైన మామూలు యూరిడిన్ బదులు మార్చిన యూరిడిన్ పెడితేనే శరీరం దాన్ని రానిచ్చింది. 2023 నోబెల్ కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌లకు వచ్చింది ఆ సంగతి కనిపెట్టినందుకే. ఆ మార్పు రసాయనికమైనదే.

ఇప్పుడు మీరు అడ్వాన్స్ కట్టిన కోర్సు. కోర్సు పేరులో జీనోమిక్స్, ఏఐ అని ఉన్నంత మాత్రాన పిల్లల చేతికి పని రాదు. కాలేజీ బ్రోచర్ చూశారు సరే, ల్యాబ్ చూశారా? పోయినేడాది పాసైనవాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడారా? నా దగ్గరకు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేసి వచ్చే పిల్లలు చాలామంది. వాళ్లలో పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే ప్రయోగం) సొంతంగా పెట్టినవాళ్లు తక్కువ, ఐదారుగురు కలిసి ఒక్కసారి పెట్టినవాళ్లు ఎక్కువ. చివరికి మెడికల్ కోడింగ్ నేర్చుకోమంటారా అని అడుగుతారు. ఆ ఉద్యోగం తప్పని కాదు, దానికి లక్షలు పోసి రెండేళ్లు చదవక్కర్లేదు. సెంట్రల్ యూనివర్సిటీ లాంటిచోట మంచి ల్యాబ్‌లో బయోటెక్నాలజీ చేసినవాళ్ల సంగతి వేరు, వాళ్లను చూసి నేనెప్పుడూ వద్దనలేదు. జీనోమిక్స్‌లో ఏఐకి పని నిజంగానే ఉంది. అది కావాలంటే గణితం, ప్రోగ్రామింగ్ గట్టిగా రావాలి. మీ అమ్మాయికి వాటి మీద ఆసక్తి ఉందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

కెమిస్ట్రీ గురించి కూడా దాచకుండా చెప్తాను. ద్రావకాలతో రోజంతా నిలబడి చేసే పని. ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ సరిగా ఉన్న చోటే చేరాలి. ఎమ్మెస్సీతో మొదటి జీతం చూసి మీకు మనసు చివుక్కుమంటుంది, కొన్నిచోట్ల షిఫ్టులూ ఉంటాయి. పరిశోధన వైపు వెళ్తే పీహెచ్‌డీకి ఐదేళ్లు ఖాయం. అయితే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలనెలా ఫెలోషిప్ ఉంటుంది, 2023లో దాన్ని 37,000 రూపాయలు చేశారు, ఇంటినుంచి డబ్బు పంపనక్కర్లేదు. న్యూక్లియిక్ ఆమ్లాల, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల రంగం చిన్నదే. అందులో చోటు దొరకకపోయినా ఆర్గానిక్ సింథసిస్ చేయి తిరిగినవాళ్లకు మిగతా మందుల పరిశ్రమంతా ఉంది. కెమిస్ట్రీ నుంచి తర్వాత బయాలజీ వైపు వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను. అటునుంచి ఇటు వచ్చినవాళ్లు నాకు కనిపించలేదు. పోల్చమన్నారు, నా పోలిక ఇంతే.

కోపగించుకోకపోతే ఒక మాట. మీరు అడిగింది కోర్సుల గురించి. మీ బాధ మాత్రం తెల్లకోటు రాలేదని. ఆ పిల్ల రెండుసార్లు నీట్‌లో ఓడి, మూడేళ్లు డిగ్రీ చదివి, ఈసారి తనంతట తాను ఒక ఇష్టాన్ని వెతుక్కుంది. దాన్ని మీరు "పాట" అన్నారు. అలా అనకండి. మళ్లీ బావమరిది కూతురితో పోల్చకండి, ఆమె ఎదుట అసలే వద్దు. మీ అమ్మాయి చెడిపోలేదు, వెనకబడలేదు. ఇరవై ఒక్క ఏళ్లకు ఏం చేయాలో తెలిసినవాళ్లు నాకు వారానికి ఒకరు కూడా తగలరు. పెళ్లి సంబంధాల టెన్షన్ కూడా మీ ఉత్తరంలో కనిపించింది. రెండేళ్ల ఎమ్మెస్సీ వల్ల ఏ సంబంధమూ తప్పిపోదండీ.

ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకు మీకన్నా బాగా తెలిసే ఉంటుంది. ఒక్కటి మాత్రం చూసుకోమనండి. కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ అడుగుతాయి. బైపీసీ పిల్లలు అది చివర్లో చూసి ఏడుస్తారు.

కట్టిన అడ్వాన్స్ గురించి కాలేజీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోండి. సీటు వదులుకుంటే ఫీజు ఎంత వాపసు ఇవ్వాలో యూజీసీ నిబంధనలున్నాయి, ఆలస్యమైనకొద్దీ వచ్చేది తగ్గుతుంది కాబట్టి ఈ వారమే వెళ్లండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు, అడిగి తెచ్చుకోండి. వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. దారిలో ఆ 99 శాతం లెక్క ఆమెను చేసి చూపించమనండి.