'ఓ' గ్రూపు రక్తం అందరికీ సరిపోతుందా?

ప్రశ్న: మా ఆవిడకు కాన్పు సమయంలో రక్తస్రావం ఎక్కువై రెండు యూనిట్ల రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఆమెది బి పాజిటివ్, నాది ఓ పాజిటివ్. 'ఓ' గ్రూపు వారు విశ్వదాతలని బడిలో చదువుకున్నాను కనుక నా రక్తమే ఎక్కించమన్నాను. బ్లడ్ బ్యాంకు వారు నా రక్తం తీసుకున్నారు గాని, ఆమెకు మరెవరిదో బి పాజిటివ్ రక్తం ఇచ్చారు. నా రక్తం ఎందుకు పనికిరాలేదు? ఇందులో మోసమేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మోసం లేదు. వారు మీ భార్య మేలు కోరే అలా చేశారు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన తోటి ఉద్యోగుల రక్తాన్ని ఒకరిదొకరితో కలిపి చూసి గ్రూపుల సంగతి బయటపెట్టినప్పటి నుంచి మనకు తెలిసినదేమంటే, ఎర్ర రక్తకణాల మీద 'ఎ' గుర్తు లేనివారి ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) 'ఎ'ని పట్టుకునే యాంటీబాడీలు, 'బి' గుర్తు లేనివారి ప్లాస్మాలో 'బి'ని పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. మీ కణాల మీద ఈ రెండు గుర్తులూ లేవు కాబట్టి అవి ఎవరి ఒంట్లోకి వెళ్లినా ఈ యాంటీబాడీలకు చిక్కవు. బడి పుస్తకంలోని 'విశ్వదాత' అన్న మాటకు ఆధారం ఇదే. కాని మీ ప్లాస్మాలో రెండు రకాల యాంటీబాడీలూ ఉన్నాయి. దాన్ని వేరు చేయకుండా మొత్తం రక్తాన్ని ఎక్కిస్తే అవి మీ భార్య 'బి' కణాల మీద పడే ప్రమాదం ఉంది. ప్లాస్మా వరకు చూస్తే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది: ఎబి వారిది అందరికీ పనికివస్తుంది, ఓ వారిది ఓ వారికి మాత్రమే. అదీగాక పాజిటివ్ అంటే కణాల మీద ఆర్‌హెచ్ 'డి' అనే మరో గుర్తు ఉండటం, నెగటివ్ అంటే అది లేకపోవడం; ఓ పాజిటివ్ కణాలను నెగటివ్ రోగులకు, అందులోనూ ఆడపిల్లలకు, సాధారణంగా ఎక్కించరు. అందుచేత విశ్వదాత అన్న పేరు నిజానికి ఓ నెగటివ్ ఎర్రకణాలకే చెల్లుతుంది.

బి రక్తం నిల్వ ఉన్నప్పుడు బి రోగికి బి ఇవ్వడమే పద్ధతి. ఓ రోగికి ఓ తప్ప వేరే దారి లేదు గనుక ఆ సంచులను వారి కోసం కాపాడుకోవాలి. ఇక భర్త రక్తాన్ని పిల్లలు కనే వయసులో ఉన్న భార్యకు ఎక్కించకపోవడమే మంచిది. ఎ, బి, ఆర్‌హెచ్ కాక కణాల మీద ఇంకా ఎన్నో గుర్తులుంటాయి. మీ గుర్తులకు విరుద్ధంగా ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారైతే, అవే గుర్తులను మీ నుంచి పొందిన బిడ్డకు తర్వాతి గర్భంలో హాని జరగవచ్చు. పైగా తీసిన రక్తాన్ని అప్పటికప్పుడు ఎక్కించరు. హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు పూర్తి కావాలి. మీరిచ్చిన రక్తం వృథా పోలేదు, దాని అవసరం ఉన్న మరొకరి కోసం నిల్వలోకి చేరింది.

ప్రశ్న: నాది ఓ నెగటివ్, మావారిది ఎ పాజిటివ్. ఇప్పుడు రెండోసారి మూడో నెల. గ్రూపులు కలవలేదు కాబట్టి బిడ్డ దక్కదని మా అత్తగారు భయపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అత్తగారికి ధైర్యం చెప్పండి, కాని పరీక్ష మాత్రం ఆలస్యం చేయకండి. ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్షలో (మీ రక్తంలో పాజిటివ్ కణాలకు విరుద్ధమైన యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) అవి లేవని తేలితే, 28 వారాలప్పుడు ఒకసారి, కాన్పయ్యాక బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరొకసారి, ఆ యాంటీబాడీలు తయారు కాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. మొదటి కాన్పులో అది చేశారో లేదో డాక్టరుకు తప్పక చెప్పండి; గర్భస్రావం జరిగి ఉంటే అదీ దాచకండి. యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అప్పుడు గర్భం పొడవునా పెద్దాసుపత్రి పర్యవేక్షణలో ఉండాలి.

ప్రశ్న: మా అన్నయ్య కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉంది. ఆపరేషన్ కోసం మూడు ఓ పాజిటివ్ సంచులు చూస్తే ఒక్కటీ సరిపోలేదు. అతనిది బాంబే గ్రూపని, తోబుట్టువులందరూ పరీక్షకు రావాలని అంటున్నారు. మా వంశంలో ఎవరూ బొంబాయి ముఖం చూడలేదు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: 1952లో డాక్టర్ భెండే, ఆయన సహచరులు ఈ గ్రూపును మొదట బొంబాయిలో గుర్తించారు కాబట్టి ఆ పేరు వచ్చింది, అంతే. మన దేశంలో దాదాపు పదివేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. ఎ, బి గుర్తులు రెండూ 'హెచ్' అనే పునాది మీద కట్టినవే. ఓ వారిలో ఆ పునాది ఒక్కటే ఉంటుంది. మీ అన్నయ్యలో పునాది కూడా లేదు. అందుకే అతని ప్లాస్మా ఓ రక్తాన్ని సైతం పరాయిదిగా చూస్తుంది.

క్యాంపుల్లో తొందరగా చేసే పరీక్షలో ఇది దొరకదు. పలక మీద రెండు రక్తపు చుక్కలు వేసి ఒకదానికి యాంటీ-ఎ, ఇంకొకదానికి యాంటీ-బి కలిపితే, గుర్తు ఉన్న చోట రక్తం విరిగిన పాలలా గడ్డలు కడుతుంది. మీ అన్నయ్య రక్తంలో రెండు చుక్కలూ నున్నగా ఉండిపోతాయి, కార్డు మీద 'ఓ' అని రాసేస్తారు. అతని సీరంలో ఓ కణాలు కలిపి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నేను బ్లడ్ బ్యాంకులో పనిచేసే రోజుల్లో ఒక రాత్రి ఇలాంటి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాను: అడుగున ఎర్రటి ముద్ద, ఎంత కదిలించినా కరగని ముద్ద. రోగి మనుషులు బయట ఓ పాజిటివ్ దాతలను పోగేసి కూర్చున్నారు. క్రాస్ మ్యాచ్ (దాత కణాలను రోగి సీరంతో కలిపి చూసే పరీక్ష) చేయకుండా ఒక్క సంచి ఎక్కించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కాబట్టి ఎంత అత్యవసరమైనా ఆ పరీక్షకు పట్టే సమయాన్ని రోగి బంధువులు సహనంతో ఇవ్వాలి.

ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ రావలసిన లక్షణం. వారిద్దరిలోనూ మరుగున ఉంటే, ఒక్కొక్క తోబుట్టువుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికాలున్న కుటుంబాల్లో ఇటువంటి లక్షణాలు బయటపడటం ఎక్కువ. మీలో ఎవరిదైనా అదే గ్రూపైతే ఆ రక్తం అతనికి పనికిరావచ్చని మిమ్మల్ని పిలుస్తున్నారు, అందరూ వెళ్లండి. ఆపరేషన్ వాయిదా వేయగలిగినదైతే, అతని ఆరోగ్యం అనుమతిస్తే, అతని రక్తాన్నే ముందుగా తీసి దాచి వాడవచ్చు. ఎర్రకణాలు శీతలంలో 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. అంతకంటే ముందు, 'ఓ పాజిటివ్' అని రాసి ఉన్న ఆ పాత కార్డును అతని జేబులోంచి తీసివేయించి, బాంబే గ్రూపు అని బ్లడ్ బ్యాంకు వారి చేత రాయించిన కొత్తది పెట్టండి.