రౌటర్ (చెక్క తొలిచే యంత్రం) పెట్టే ముందు: బేస్ గిటార్ పికప్‌లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బ్రూక్లిన్‌లోని ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేత్తో చేసిన అయిదు తీగల బేస్ నా దగ్గరుంది. రెండూ జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ మోడల్) తరహా సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే, ఒకే కాయిల్ ఉన్న అయస్కాంత భాగాలు. ఒక్కదాన్నే వాడితే హమ్, అంటే కరెంటు రొద, వస్తోంది. సౌండ్ కూడా ఇంకాస్త బరువుగా ఉంటే బాగుండుననిపిస్తోంది. వెడల్పాటి సోప్‌బార్ హంబకర్లు (సబ్బుబిళ్ల ఆకారంలో ఉండే, రెండు కాయిళ్లతో హమ్ ఆపే పికప్‌లు) పెట్టాలంటే బాడీ తొలచాలంటున్నారు. తొలిపించెయ్యమంటారా? – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: హమ్ ఒక్కటే బాధయితే వద్దండీ. మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. రెండింటికీ ఒకటే ఆపరేషన్ అనుకుంటున్నారు.

జాజ్ జతలో ఒక పికప్‌కు కాయిల్ ఎదురు దిశలో చుట్టి, అయస్కాంతం తిరగేసి ఉంటుంది. రెండు వాల్యూములూ సమానంగా తెరిస్తే ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి కాస్త తగ్గించగానే మిగిలింది బయటపడుతుంది. మీ దగ్గర అది 60 హెర్ట్జ్, ఇండియాలో 50. చాలామంది ముందు గుంట నిండా రాగి టేపు అంటించి, ఆ తర్వాత నిరాశ పడతారు. టేపు ఆపేది లైటు డిమ్మర్ల వల్ల వచ్చే గరగరలాంటి విద్యుత్ క్షేత్రపు రొదనే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని పల్చటి రాగి రేకు ఆపలేదు.

దీనికి మందు అదే సైజులో దొరికే హమ్ లేని పికప్. వీటిలో రెండు రకాలు. స్ప్లిట్ రకంలో బరువు తీగల కింద ఒక చిన్న కాయిల్, సన్న తీగల కింద ఇంకొకటి పక్కపక్కన ఉంటాయి. ఏ తీగకైనా పనిచేసేది ఒక్క కాయిలే కాబట్టి జాజ్ బేస్ గొంతు పెద్దగా మారదు. స్టాక్ రకంలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటిలో పై మెరుపు కొంత తగ్గినట్టు వినిపించవచ్చు. నాలుగు తీగలకు డిమార్జియో కంపెనీ మోడల్ జె లాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. అయిదు తీగలకు నోర్డ్‌స్ట్రాండ్, బార్టోలినీ, అగ్యిలార్ కంపెనీల దగ్గర చూడండి. అయితే నాలుగు తీగల జాజ్ పికప్ పొడవు నెక్ వైపు సుమారు 92 మి.మీ., బ్రిడ్జ్ వైపు 94 మి.మీ. అని దాదాపు స్థిరపడింది గానీ, అయిదు తీగలవాటికి అలాంటి కట్టుబాటు లేదు. కేటలాగ్ నమ్మకుండా మీ పికప్‌నే వెర్నియర్‌తో కొలిచి ఆర్డర్ ఇవ్వండి. బ్రిడ్జ్ దగ్గర తీగల మధ్య దూరం 19 మి.మీ.నా, 17.5 మి.మీ.నా అన్నదీ రాయండి. పోల్ ముక్కలు (తీగల కింద ఉండే అయస్కాంత కడ్డీలు) బయటికి కనిపించే పికప్‌లో ఆ తేడా వల్ల చివరి తీగ నీరసంగా పలుకుతుంది.

ఇక బరువు సంగతి. ముందు పికప్ ఎత్తు చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపెట్టి, పోల్ పైభాగం నుంచి తీగ అడుగుకు కొలవండి. జాజ్ తరహా వాటికి ఫెండర్ చెప్పే లెక్క బరువు తీగ వైపు 3.2 మి.మీ., సన్న తీగ వైపు 2.4 మి.మీ. పికప్ అంతకంటే కిందికి దిగిపోయి ఉంటే సౌండ్ పలచబడుతుంది. మరీ పైకి తెస్తే అయస్కాంతం తీగను లాగి, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది. తర్వాత బయటి ప్రీయాంప్ పెడల్‌తో (సంకేతాన్ని పెంచి, గొంతు సరిచేసే పెట్టె) లో మిడ్స్, అంటే మధ్యస్థాయికి కాస్త కింది స్వరాలు, పెంచి ఒక నెల వాయించండి. మీకు కావలసింది అందులోనే దొరికితే అలాంటి ప్రీయాంప్‌ను బేస్ లోపలే పెట్టించుకోవచ్చు. కంట్రోల్ క్యావిటీలో (నాబ్‌ల వైరింగ్ ఉండే గుంటలో) పట్టిందంటే చెక్కకు గాటు పడదు.

ఇవన్నీ అయ్యాక కూడా సోప్‌బారే కావాలనిపిస్తే, మీది అదృష్టం గల కేసే. జాజ్ పికప్ వెడల్పు సుమారు 19 మి.మీ. ఈఎమ్‌జీ కంపెనీ 40 సైజు సోప్‌బార్ 101.6 × 38.1 మి.మీ. ఉంటుంది. నడిమి గీత మారకపోతే రెండు వైపులా పదేసి మిల్లీమీటర్లు పోతాయి, పాత గుంట కొత్తదాంట్లో పూర్తిగా కలిసిపోతుంది. ఒకసారి సోప్‌బార్ గుంట పడ్డాక మళ్లీ తొలచే పని ఉండకపోవచ్చు. అదే డబ్బాలో జాజ్ కాయిళ్లు, ఫెండర్ ప్రెసిషన్ బేస్ తరహా కాయిళ్లు (ఈఎమ్‌జీ 40పీ5 అలాంటిదే), జంట కాయిళ్లు అన్నీ దొరుకుతాయి. ఎదురు ప్రయాణం మాత్రం కుదరదు. సోప్‌బార్ గుంటలో జాజ్ పికప్ పెడితే చుట్టూ ఖాళీ నోరు తెరుచుకుని ఉంటుంది.

నెక్ వైపు పికప్ దగ్గర మాత్రం జాగ్రత్త. 24 ఫ్రెట్ల బేస్‌లలో ఫ్రెట్‌బోర్డు అంచుకూ పికప్‌కూ మధ్య చోటు తక్కువ. బోల్టులతో బిగించే బోల్ట్ ఆన్ నెక్ అయితే నెక్ పాకెట్‌కూ (నెక్ కూర్చునే చోటు) కొత్త గుంటకూ మధ్య కనీసం 10 మి.మీ. చెక్క మిగలకపోతే ఆ పని మానుకోమంటాను.

ప్రశ్న: నేను నిర్ణయించేసుకున్నాను, మళ్లీ ఆలోచించమనకండి. ఫర్నిచర్ చేసే మిత్రుడి దగ్గర మంచి రౌటర్ ఉంది. మాపుల్ బర్ల్ టాప్ (చెట్టు బుడిపె చెక్కతో వేసిన పైపొర), నెక్ త్రూ బాడీ (నెక్ చెక్కే బాడీ చివరిదాకా సాగేది). పని వరస చెప్పండి. – సికింద్రాబాద్

జవాబు: అనను. కానీ నెక్ త్రూ అన్నారు కాబట్టి ముందు ఒక్క మాట. ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీ), దాని పక్కన కార్బన్ కడ్డీలు ఉంటే అవి, నెక్ పికప్ కింద దాకా సాగి ఉండవచ్చు. అవి ఎక్కడ ముగుస్తాయో, ఎంత లోతున ఉన్నాయో, బాడీ లోపల ఖాళీ గదులు ఉన్నాయో చేసినవారికి ఉత్తరం రాసి తెలుసుకోండి. చేత్తో చేసేవాళ్లు సాధారణంగా ఆ కొలతలు రాసి ఉంచుకుంటారు. జవాబు రాకపోతే నెక్ పికప్ జోలికి పోకుండా బ్రిడ్జ్ వైపుదే చేయించండి.

నడిమి గీతను బాడీ అంచుల నుంచి కొలవకూడదు, అవి సమానంగా ఉండవు. రెండు చివరి తీగలు బిగించి ఉండగానే నట్ దగ్గరా, బ్రిడ్జ్ దగ్గరా వాటి మధ్య బిందువు గుర్తుపెట్టి, ఆ రెంటినీ కలపండి. ఆ తర్వాతే తీగలు తీయండి. వైరింగ్ విప్పేముందు ఫొటో తీసుకోండి.

టెంప్లేట్ 12 మి.మీ. ఎండీఎఫ్‌తో, చేతికొచ్చిన పికప్‌ను బట్టే చేయాలి. చుట్టూ 0.3 నుంచి 0.5 మి.మీ. సందు చాలు. బిట్ పైన బేరింగ్ ఉన్న ప్యాటర్న్ బిట్ అయి ఉండాలి. దాని వ్యాసం పికప్ మూల వంపు వ్యాసార్థానికి రెండింతలు మించకూడదు. మించితే మూలల్లో పికప్ దిగదు, ఉలితో గీకాల్సి వస్తుంది.

ఎక్కువ బేస్‌లు పాడయ్యేది ఇక్కడే. 12 మి.మీ. టెంప్లేట్‌కు 25 మి.మీ. పొడవు కోత ఉన్న బిట్ తగిలిస్తే, 13 మి.మీ. లోతు దాటేదాకా బేరింగ్ టెంప్లేట్ కంటే పైన గాల్లో తిరుగుతుంటుంది. ఆనుకునేది ఏదీ లేక బిట్ టెంప్లేట్‌నూ, దాని కింద ఉన్న టాప్‌నూ కలిపి కొరికేస్తుంది. తలుపుల పనిలో వాడేవి ఎక్కువగా ఈ పొడుగు బిట్లే. 12 మి.మీ. కోత ఉన్న పొట్టి బిట్ కొనండి. లోతుకు వెళ్లాక టెంప్లేట్ తీసేసి, అప్పటికే పడిన గోడకే బేరింగ్ ఆనించి దిగవచ్చు.

చెక్కలో ఎక్కువ భాగం ముందు ఫోర్‌స్ట్‌నర్ బిట్‌తో (చదునైన అడుగుతో గుండ్రటి గుంట తీసేది) డ్రిల్ ప్రెస్ మీద తీసేయండి. గోడకు 2 మి.మీ. వదలండి. ఆ బిట్ మధ్య ములుకు కోత కంటే లోతుకు దిగుతుందని మరవద్దు. ఆపై రౌటర్‌తో ఒక్కో విడతకు 3 మి.మీ. చొప్పున దిగండి. లోపలి గుంట కాబట్టి పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో నడపాలి. ఎదురు నడిపితే బిట్ చేతిలోంచి గుంజుకుంటుంది. మొత్తం లోతు పికప్ ఎత్తుకు తోడు స్పాంజికీ, వైరుకీ కలిపి 3 మి.మీ.

బర్ల్ టాప్‌కు గ్రెయిన్ ఒక దిశలో ఉండదు, అన్ని వైపులా పెచ్చులు లేస్తాయి. టెంప్లేట్ బిగించాక లోపలి అంచు వెంట పదునైన కత్తితో నాలుగైదు సార్లు గీయండి. ఫినిష్ పొర తెగి, పెచ్చు ఆ గీత దాటకుండా ఆగుతుంది. బిట్ కొత్తది కావాలి. టెంప్లేట్‌ను డబుల్ టేపుతో నేరుగా బాడీకి అంటించకండి. బాడీకి ఒక పొర, టెంప్లేట్‌కు ఒక పొర మాస్కింగ్ టేపు వేసి, రెండు టేపుల మధ్య సూపర్ గ్లూ చుక్కలు పెట్టండి. ఫినిష్ నైట్రోసెల్యులోజ్ అయితే టేపు రాత్రంతా ఉంచవద్దు, అంటించిన గంటలోపు పని ముగించి తీసేయాలి.

పచ్చి చెక్క బయటపడింది కాబట్టి గుంట లోపల షెల్లాక్ గానీ శాండింగ్ సీలర్ గానీ రెండు పూతలు వేయండి. పాసివ్ (బ్యాటరీ లేకుండా పనిచేసే) పికప్‌లయితే ఆరాక కండక్టివ్ పెయింట్ రెండు పూతలు వేసి, గ్రౌండ్‌కు కలిపి, మల్టీమీటర్‌తో చూసుకోండి. కలపకుండా వదిలేసిన షీల్డింగ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మీ మిత్రుడి చెయ్యి ఎంత మంచిదైనా అదే టెంప్లేట్‌తో, అదే బిట్‌తో పనికిరాని గట్టి చెక్క మీద మూడు గుంటలు తీయించండి. మూడింట్లోనూ పికప్ ఒకేలా దిగితేనే బేస్ బల్ల ఎక్కించండి.

ప్రశ్న: బ్రిడ్జ్ దగ్గర ఈఎమ్‌జీ యాక్టివ్ (బ్యాటరీతో పనిచేసేది), నెక్ దగ్గర పాత పాసివ్ పికప్. రెండూ కలిపితే పాసివ్‌ది వినపడకుండా పోతోంది. పికప్ చెడిందా? – విజయవాడ

జవాబు: చెడలేదు. ఈఎమ్‌జీలకు 25 కిలో ఓముల పాట్లు (వాల్యూము నాబ్ కింద ఉండే రెసిస్టర్లు), పాసివ్ సింగిల్ కాయిళ్లకు 250 కిలో ఓములవి వాడతారు. మీవి 25వి అయితే అవి పాసివ్ పికప్‌ను నొక్కేస్తాయి. 250వి వేస్తే ఈఎమ్‌జీ వాల్యూము స్విచ్చులా ఒక్కసారి తగ్గుతుంది. పాసివ్‌కు విడిగా చిన్న బఫర్ బోర్డు (సంకేతం బలహీనపడకుండా ఆపే సర్క్యూట్) పెట్టించి, ఆ తర్వాత రెండింటికీ 25 కిలో ఓముల పాట్లు వేయించండి. కేబుల్ గుచ్చి వదిలేయకండి. జాక్‌లో ప్లగ్ ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ప్రశ్న: నెక్ పికప్‌ను 24వ ఫ్రెట్ చోటికి, అంటే తీగ నాలుగో వంతు బిందువుకు జరిపితే హార్మోనిక్స్ (అసలు స్వరంతోపాటు మోగే ఉపస్వరాలు) బాగా పట్టుకుంటుందని విన్నాను. దీనికి కొత్త గుంట తీయించవచ్చా? – డాలస్

జవాబు: విన్నది తలకిందులుగా ఉంది. ఓపెన్ తీగ మీద ఆ బిందువు నాలుగో హార్మోనిక్‌కు నోడ్, అంటే అక్కడ ఆ హార్మోనిక్ కదలనే కదలదు. పికప్ పట్టుకోవడం కాదు, పోగొట్టుకుంటుంది. అదీ ఓపెన్ తీగకే. 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) 863.6 మి.మీ., నాలుగో వంతు 215.9. అయిదో ఫ్రెట్ నొక్కితే మోగే పొడవు 647 మి.మీ.కు తగ్గి, అదే పికప్ మూడో వంతు దగ్గరికి వస్తుంది, మూడో హార్మోనిక్ పోతుంది. 12వ ఫ్రెట్‌లో సరిగ్గా మధ్యలో పడి రెండోది పోతుంది. వేలు జరిగినకొద్దీ నోడ్ జరుగుతుంది కాబట్టి మంత్రబిందువు అంటూ ఏదీ లేదు.

అలాగని స్థానం ముఖ్యం కాదని కాదు. ఫెండర్ జాజ్ బేస్‌లో 1960ల నాటి పికప్‌ల మధ్య దూరం 3.6 అంగుళాలు, 1970లలో 4. 1970ల బేస్‌లలో వినిపించే కరుకుకు బ్రిడ్జ్ పికప్ 0.4 అంగుళం వెనక్కి వెళ్లడం ఒక కారణం.

తొలచకుండా వినే ఉపాయం ఉంది. విడి పికప్‌ను జాక్‌కు వైర్లతో కలిపి, బోర్లించి, తీగలకు పైన ఒక చెక్క పట్టీకి వేలాడదీయండి. అటూ ఇటూ జరుపుతూ రికార్డ్ చేసుకోండి. ఒక్కదాన్నే వినండి. పైనుంచి వినే పికప్‌కు తీగ కదలిక తిరగబడి అందుతుంది కాబట్టి, మిగతా పికప్‌తో కలిపితే ఫేజ్ ఎదురై సౌండ్ డొల్లగా వస్తుంది. దాన్ని చూసి ఆ చోటు బాగాలేదనుకునేరు.

ప్రశ్న: తొలచిన గుంటను తర్వాత పూడ్చవచ్చా? లేక ముందే చేసినవారికే పంపి మార్పించడం మేలా? – విశాఖపట్నం

జవాబు: పూడ్చవచ్చు, కనిపించకుండా కాదు. అదే జాతి చెక్క, అదే దిశ గ్రెయిన్ తెచ్చి బిగించినా బర్ల్ టాప్ మీద అతుకు దాగదు. ముదురు రంగు పెయింట్ వేసిన బాడీ అయితే దాగుతుంది గానీ, కాలం గడిచేకొద్దీ అతుకు గీత ఫినిష్ కింద తేలుతుంది. మీ తీరపు తేమలో అది త్వరగానే తేలవచ్చు. అమ్మేటప్పుడు కొనేవారికి ఈ సంగతి చెప్పాల్సిందే.

చేసినవారికి పంపడం ధర పరంగా భారమే, పని పరంగా మాత్రం అదే ఉత్తమం. వాళ్లు మార్చినది అమ్మకంలోనూ తక్కువ నష్టపోతుంది. పంపేముందు ఇండియా నుంచి వెళ్తున్నది మరమ్మతుకేనని, సీరియల్ నంబరుతో సహా కస్టమ్స్ పత్రాల్లో రాయించండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు కొత్త సరుకుగా లెక్కగడతారు. ఫ్రెట్‌బోర్డు ఏ చెక్కో కూడా చూసుకోండి. మిగతా రోజ్‌వుడ్ జాతులతో చేసిన పూర్తయిన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి సైట్స్ ఒప్పందంలో (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) సడలింపు ఉంది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు లేదు. అది 1992 నుంచి ఆ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు.

విప్పిన పాత పికప్‌లూ, స్క్రూలూ, స్పాంజి ముక్కలతో సహా కవర్లో వేసి గిటార్ కేసులోనే ఉంచండి. వైర్లను పికప్ దగ్గర కత్తిరించకండి, పాట్ దగ్గర సోల్డర్ కరిగించి తీయండి.