కాటన్ అంటే పత్తి కాదు

ప్రశ్న: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, గువాహటిలోని కాటన్ కాలేజీకి పేరిచ్చిన కాటన్ ఒకే ఇంటివాళ్ళా? వాళ్ళ పూర్వికులు పత్తి వ్యాపారులా? మాది మగ్గాల ఊరు గనక అడుగుతున్నాను. – ఒక పాఠకుడు, నగరి

జవాబు: పత్తికీ ఈ ఇంటిపేరుకూ సంబంధం లేదు. పత్తిని చెప్పే మాట అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరు మాత్రం పాత ఇంగ్లీషులో గుడిసెను చెప్పే 'కాట్' నుంచి పుట్టింది. 'గుడిసెల దగ్గర' అని దాని అర్థం. ఆ పేరుతో ఇంగ్లండులో చాలా పల్లెలున్నాయి, ఏ పల్లెవాళ్ళు ఆ పల్లె పేరే పెట్టుకున్నారు. అందుకే ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలపకూడదు.

ఆర్థర్ కాటన్ (1803–1899) చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ల ఇంటివారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాధిపతి స్టేపుల్టన్ కాటన్ ఆయనకు పెదనాన్న కొడుకు. గువాహటి కాలేజీకి (2017 నుంచి అది కాటన్ యూనివర్సిటీ) పేరిచ్చిన హెన్రీ కాటన్ 1845లో కుంభకోణంలో పుట్టారు, 1904 బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులు. ఆయన తండ్రి జోసెఫ్ జాన్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, కాంబర్‌మియర్ కాటన్ల ఇంటివారు కారు. కాబట్టి ఒకే ఇంటివాళ్ళు కారు.

వీళ్ళకంటే ముందే ఈ పేరును నిలబెట్టినవారు కానింగ్టన్ కాటన్ల ఇంటి రాబర్ట్ కాటన్ (1571–1631). ఈయన పోగుచేసిన రాతప్రతుల్లో 1215లో ఇంగ్లండు రాజు హక్కులు రాసిచ్చిన పత్రం మాగ్నాకార్టా ప్రతులు రెండున్నాయి. 1731లో ఆ భండారం అంటుకుంది. 'బేవుల్ఫ్' అనే పాత ఇంగ్లీషు కావ్యానికున్న ఒకే ఒక్క రాతప్రతి అంచులు కాలి, అక్షరాలు రాలిపోయాయి. మిగిలింది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఈ ఒక్క మనిషి శ్రద్ధే లేకపోతే పాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎంత పోయేదో!

మీరే వెతకాలంటే ముందు పుట్టిన ఏడు, ఊరు, తండ్రి పేరు రాసిపెట్టుకోండి. ఒట్టి 'హెన్రీ కాటన్' అని వెతికితే ఆర్థర్ తండ్రి, కాంగ్రెసు అధ్యక్షుడు, 1934లో బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు కలగలిసిపోతారు. మద్రాసు రాజధాని చర్చిల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు బ్రిటిష్ లైబ్రరీలో 'ఎన్/2' వరుసలో ఉంటాయి (బెంగాలువి 'ఎన్/1', బొంబాయివి 'ఎన్/3'). కుంభకోణంలో పుట్టిన హెన్రీ కోసం చూడాల్సింది అక్కడే. ఆర్థర్ పుట్టిందీ పోయిందీ ఇంగ్లండులోనే గనక ఆ రెండు నమోదులూ అందులో దొరకవు. ఆయన కోసం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరిన కుర్రాళ్ళ కాగితాలున్న 'ఎల్/మిల్/9' వరుస చూడండి.

మన దగ్గరా ఇదే చిక్కు. చిత్తూరు నాగయ్యగారి ఇంటిపేరు చిత్తూరు కాదు, ఉప్పలదడియం.