మూడోసారి టెస్టుకు తొందరపడొద్దు

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు. ఎప్పటికైనా ఆర్టీసీ డ్రైవరు కావాలని ఆశ. కారు లైసెన్సు టెస్టులో రెండుసార్లు ఫెయిలయ్యాడు. లెర్నర్ లైసెన్సు తీసుకుని నాలుగు నెలలు దాటింది. వచ్చే వారమే మళ్లీ వెళ్తానంటున్నాడు. ఏజెంటేమో 'నాకు వదిలేయండి, బండి ఎక్కే పని కూడా ఉండదు' అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, వచ్చే వారం వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 9 ప్రకారం ఫెయిలైనవాళ్లు ఏడు రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు. వెళ్లొచ్చని మాత్రమే ఉంది, వెళ్లి తీరాలని లేదు. మూడోసారి కూడా తప్పితే 60 రోజుల దాకా ట్రాక్ ఎక్కనివ్వరు. పైగా 2019 సవరణ, అలాంటివాళ్లు గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ పూర్తి చేయాలన్న షరతు చేర్చింది. మళ్లీ టెస్టుకు కేంద్ర నిబంధనల్లోని ఫీజు 300 రూపాయలే, పైన సర్వీసు చార్జీలుంటాయి. డబ్బు పెద్ద లెక్క కాదు. పోయేది కాలం.

లెర్నర్ లైసెన్సు గడువు ఆరు నెలలు. మీవాడికి మిగిలింది రెండు నెలల లోపే. ఇప్పుడు మూడోసారి ఫెయిలైతే 60 రోజులు గడిచేలోపే దాని గడువు తీరిపోతుంది. కొత్తది తీసుకోవాలి, దాని మీద కనీసం 30 రోజులు గడిస్తేగానీ టెస్టు పెట్టరు. బస్సు, లారీలాంటి రవాణా వాహనానికి లెర్నర్ కావాలంటే కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి. కారు దగ్గర జరిగే ఆలస్యమంతా హెవీ లైసెన్సు మీద పడుతుంది.

ముందు ఎక్కడ తప్పుతున్నాడో అడగండి. 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కావాలనే ఫెయిల్ చేశాడు' అని చాలామంది అంటారు, నేను పెద్దగా పట్టించుకోను. ఎక్కువమంది దొరికిపోయేది రెండు చోట్ల. ఒకటి హెచ్ (H) ఆకారపు ట్రాక్‌లో రివర్స్: తల కిటికీలోంచి బయటపెట్టి ఒక్క వైపే చూస్తారు, రెండో వైపు చక్రం గట్టుకు తగులుతుంది. రెండోది ఎత్తు మీద ఆపి మళ్లీ కదలడం: కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి ఆగిపోతుంది, లేదంటే వెనక్కి జారుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, క్లచ్ సగం వదిలాక ఇంజిన్ బరువు తీసుకున్నట్టు తెలుస్తుంది. అప్పుడు బ్రేక్ దించాలి. మెకానిక్ చదివిన కుర్రాడికి ఇది చెవితోనే తెలియాలి. ఇంకొకటి, ఏ కారులో నేర్చుకుంటే అదే కారు టెస్టుకు తీసుకెళ్లమనండి. స్కూలు బండిలో నేర్చుకుని బాబాయి బండిలో టెస్టిస్తే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలియక ఇబ్బంది పడతాడు.

ఏజెంటు దారిలో కార్డు వచ్చినా ఆర్టీసీ ఊరుకోదు. అక్కడ డ్రైవరు ఎంపికకు వేరేగా డ్రైవింగ్ టెస్టు ఉంటుంది, అదీ పెద్ద బస్సు మీద.

లైసెన్సు వచ్చాక ఆ ఏడాదీ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీలు ఆ లెక్కలోకి వస్తాయి. సరుకు దింపే పనుల్లో రోడ్డూ, రాత్రి ప్రయాణాలూ అలవాటవుతాయి. తనకు ఆ పని పడుతుందా లేదా అన్నదీ తేలుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ: మూడు వారాలు రోజూ గంట సేపు రివర్స్, ఎత్తు మాత్రమే ప్రాక్టీసు. స్లాటు ఆ తర్వాతి తేదీకి, లెర్నర్ గడువుకు వారం పది రోజుల ముందు పడేలా బుక్ చేయించండి. అప్పటికీ తప్పితే, పాత లెర్నర్ గడువు ముగియగానే కొత్తదానికి దరఖాస్తు పెట్టించండి. 60 రోజుల ఆగుడులోనే ఆ 30 రోజులూ కలిసిపోతాయి.