దిగుమతి ఆహారంలో పురుగుమందుల అవశేషాలను ఎవరు చూస్తారు? నిషేధించిన మందులు ఎలా అమ్ముడవుతున్నాయి?

మీరు రెండు ప్రశ్నలు వేశారు. కెనడా, మయన్మార్ వంటి దేశాల నుంచి వచ్చే పప్పుల్లో పురుగుమందుల అవశేషాలను ఎవరు పరీక్షిస్తారన్నది మొదటిది. తమ పొలాల్లో వాడనివ్వని మందులను కొన్ని దేశాలు బయటి రైతులకు ఎలా అమ్ముతున్నాయన్నది రెండోది. నేను శాస్త్రవేత్తను కాను. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకాలో మిర్చి పండించే తెలుగు కుటుంబం. ఒకసారి మా సరుకే ఇలాంటి పరీక్షలో ఆగిపోయింది. అప్పటి నుంచి ఈ నిబంధనలను ఒక్కొక్కటిగా వెతికి చదువుతూ వస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఓడరేవులో దిగిన ఆహారానికి మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారులు కాగితాలు చూసి, ముప్పు ఎక్కువనుకున్న వాటి నుంచి శాంపిల్ తీసి, ప్రయోగశాల నివేదిక వచ్చాక అనుమతి ఇస్తారు. ప్రతి బస్తానూ పరీక్షించరు. ఏ పంటలో ఏ మందు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు దాటకూడదో పరిమితులు ఉంటాయి గానీ, అవి అన్ని దేశాల్లోనూ ఒకటి కావు. కెనడాలో కోతకు ముందు కలుపును చంపడానికి గ్లైఫోసేట్ కొడతారు. మసూర్ పప్పులో దానికి ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 5 మిల్లీగ్రాములు. మరోవైపు, ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందు ఏదైనా కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ఐరోపా సంఘం నియమం. అంటే ఒక క్వింటాలు మిర్చి మొత్తంలో ఒక్క మిల్లీగ్రాము.

ఆ ఒక్క మిల్లీగ్రాము ఎంతటిదో మాకు 2021-22 సీజన్‌లో తెలిసింది. ఆ ఏడు నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలను మాడ్చేస్తుంటే, ఎవరు ఏ మందు పనిచేస్తుందంటే దాన్నే తెచ్చి కొట్టాం. ఒక దుకాణదారు బిల్లు లేకుండా ఇచ్చిన డబ్బాల్లో ట్రయజోఫాస్ అనే పురుగుమందు ఉంది. 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో దాని వాడకమే నిషిద్ధమని మాకు అప్పటికి తెలియదు. పెట్టెలోని కరపత్రం మరాఠీలోనూ హిందీలోనూ ఉంది. మా నాన్న చదువుకున్నది తెలుగు. నది దాటి తెలంగాణ వైపు కొన్న మందుకైతే తెలుగు కరపత్రం దొరుకుతుంది. మరాఠీ బడిలో చదివిన నేను ఆ రోజు ఇంట్లో ఉండి దాన్ని చదివి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడుతుంటాను. మిర్చిలో ఇంకో చిక్కు కూడా ఉంది. కాయ ఒకేసారి రాదు కాబట్టి ఒక ఏరుడుకూ మరో ఏరుడుకూ మధ్యలో మందు పడుతుంది, కోతకు ముందు ఆగాల్సిన రోజుల లెక్క అక్కడే తప్పుతుంది. పైగా కాయ ఎండేటప్పుడు నీరు పోతుంది, మందులో చాలా భాగం మిగిలిపోతుంది. కిలోకు లెక్కగడితే అవశేషం కొన్ని రెట్లు పెరిగినట్టే.

వరంగల్‌లో ఎగుమతి కోసం కొనే వ్యాపారి శాంపిల్ పంపించి, ట్రయజోఫాస్ బయటపడగానే మా బస్తాలు వద్దన్నాడు. అదే రోజు వాటిని తక్కువ ధరకు మరొకరు కొన్నారు. ఆయన ఏ పరీక్షా అడగలేదు. పరాయి దేశపు వంటింటికి పనికిరాని మిర్చి మన వంటిళ్లలో ఎక్కడో కారంగా మారింది.

మీ రెండో ప్రశ్నలోని మందుల వ్యాపారం కూడా ఇదే దారిలో నడుస్తుంది. 1998లో కుదిరి 2004లో అమల్లోకి వచ్చిన రోటర్‌డామ్ ఒప్పందంలో భారతదేశం 2005లో చేరింది. అది ప్రమాదకరమైన మందులను నిషేధించదు. జాబితాలో ఉన్న మందును పంపే ముందు, తీసుకునే దేశం దాన్ని రానిస్తుందో లేదో తెలుసుకుని నడుచుకోవాలంటుంది. జాబితాలో కొత్త పేరు చేరాలంటే సభ్యదేశాల ఏకాభిప్రాయం కావాలి. ఐరోపా సంఘం 2007 నుంచి వాడనివ్వని పారాక్వాట్ అనే గడ్డి మందు, ఎన్ని సమావేశాలు జరిగినా, కొద్ది దేశాల అభ్యంతరం వల్లే ఆ జాబితాకు చేరలేదు. 2025లో కార్బోసల్ఫాన్ అనే పురుగుమందు చేరింది. తాము నిషేధించిన మందులను ఎగుమతి కోసం తయారు చేయడాన్ని ఫ్రాన్స్ 2022 నుంచి చట్టంతో ఆపింది. మిగిలిన దేశాలూ అదే చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే అవశేషాల పరిమితి తినేవాడిని మాత్రమే కాపాడుతుంది. మా విదర్భలోనే, యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ లెక్క ఏ ఓడరేవు పరీక్షలోనూ కనబడదు. మన 1968 పురుగుమందుల చట్టం కూడా, 1958లో కేరళలో పారథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయాక మొదలైన విచారణ నుంచే పుట్టింది.

ఐరోపాలో తిరస్కరించిన సరుకు వివరాలను అక్కడి దేశాలన్నింటికీ తెలియజేసే హెచ్చరిక వ్యవస్థ 1979 నుంచి ఉంది. వాటిని ఎవరైనా చూడవచ్చు. మా బస్తాల నివేదిక మాత్రం ఆ వ్యాపారి దగ్గరే ఉండిపోయింది. ఎగుమతి పరీక్షలో తప్పిన ప్రతి నివేదికా జిల్లా ఆహార భద్రత అధికారికి చేరాలన్న నియమం ఉండి, అది పాటించి ఉంటే, ఆ సరుకు అదే రోజు చేతులు మారేది కాదు. ఆ డబ్బాలు అమ్మిన దుకాణం వరకూ విచారణ వచ్చేది.