సోలార్ పెట్టిస్తే నిజంగా గిట్టుబాటు అవుతుందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి మీద సోలార్ గురించి అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: ఒక కంపెనీ మనిషి మా ఇంటికొచ్చి 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే బిల్లు సున్నా అవుతుందనీ, పెట్టిన డబ్బు ఐదేళ్లలో తిరిగొస్తుందనీ చెప్పి వెళ్లాడు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. నమ్మొచ్చా?

జ: ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను, కాకపోతే ఆ లెక్కలో మీ ఇల్లు లేదు. ప్యానెళ్లు కరెంటు తయారు చేసేది పగలు, మీరు వాడేది రాత్రి. అందుకే ముందు తెలుసుకోవాల్సింది, మీరు గ్రిడ్‌కి, అంటే కరెంటు సంస్థ లైన్‌లోకి, పంపే యూనిట్‌కి మీ కరెంటు సంస్థ ఎంత కడుతుందన్నది. మీరు కొనే రేటుకే మీ బిల్లులో జమ చేస్తే (నెట్ మీటరింగ్ అనేది దీన్నే) మీరు పగలు ఇంట్లో ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. కానీ చాలా దేశాల్లో ఈ పద్ధతి మారిపోతోంది, పంపిన యూనిట్‌కి తక్కువ రేటు కట్టి, తీసుకున్న యూనిట్‌కి పూర్తి రేటు వసూలు చేస్తున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ తర్వాత కొత్తగా పెట్టించుకున్నవాళ్లకి ఇలాగే రేటు బాగా తగ్గించేశారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఎండ బాగా కాసే చోట ఒక కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే, 3 కిలోవాట్లకి 12 యూనిట్లు వస్తాయి. పగలు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఫ్రిజ్, అదీ ఇదీ కలిపి మీరు నేరుగా వాడుకునేది 4 యూనిట్లు, గ్రిడ్‌కి వెళ్లేది 8 అనుకోండి. ఆ 8కి మూడో వంతు రేటే ఇస్తే మీకు మిగిలేది 12 యూనిట్ల విలువ కాదు, దాదాపు ఆరున్నర యూనిట్ల విలువ. ఐదేళ్లన్నది తొమ్మిదేళ్లవుతుంది! అదే నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్, గీజర్, బండి చార్జింగ్ లాంటివి టైమర్ పెట్టి పగటి పూటకి మార్చి 7 యూనిట్లు నేరుగా వాడేయగలిగితే మళ్లీ ఏడేళ్ల దగ్గరికి వస్తుంది. పరికరాలు అవే, ఖర్చూ అదే, మారిందల్లా వాడే వేళ. నా దృష్టిలో సోలార్ పెట్టించాలా వద్దా అన్నదానికి జవాబు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది, ప్యానెల్ బ్రాండు దగ్గర కాదు.

ఇంకో మాట, బిల్లు సున్నా అన్నది పట్టుకుని కూర్చోవద్దు. యూనిట్లు సున్నా అయినా మీటరు అద్దె, ఫిక్స్‌డ్ చార్జీలు లాంటివి చాలాచోట్ల కట్టాల్సిందే. అప్పు చేసి పెట్టిస్తుంటే వడ్డీ కూడా లెక్కలో వేయాలి, ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే రకంగా మార్చే పెట్టె) సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లకి మార్చాల్సి వస్తుంది కాబట్టి ఆ ఖర్చు కూడా ఒకసారి కలపండి. ఇవన్నీ కలిపాక కూడా పదేళ్లలోపు డబ్బు తిరిగొస్తుంటే ధైర్యంగా పెట్టించుకోండి, ఎందుకంటే ప్యానెళ్లు 25 ఏళ్లు, ఆపైన కూడా పనిచేస్తాయి, ఏడాదికి తగ్గేది సుమారు అర శాతమే.

ప్ర: మా దగ్గర కరెంటు తరచూ పోతుంది. సోలార్ ఉంటే ఇక ఆ టెన్షన్ ఉండదు కదా?

జ: ఉంటుంది. పెట్టించుకున్నాక చాలామంది బాధపడేది ఈ విషయంలోనే, అమ్మేవాళ్లు ముందే చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చదు. గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ మండుతున్నా సరే, ఇంట్లో ఫ్యాను తిరగదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లైన్ ఆపేసి స్తంభం మీద పనిచేస్తున్న మనిషికి మీ ఇంటి నుంచి వెనక్కి వెళ్లే కరెంటు తగలకూడదు కదా, దాన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు.

కరెంటు పోయినప్పుడు కూడా ఇల్లు నడవాలంటే బ్యాటరీ, దానికి సరిపోయే హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లతో పాటు బ్యాటరీతో కూడా పనిచేసేది) కావాలి, దాంతో ఖర్చు గట్టిగానే పెరుగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చౌక, కానీ రోజూ వాడితే కొన్నేళ్లకే మార్చాలి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఖరీదైనా వేల సార్లు చార్జింగ్ తట్టుకుంటుంది. ఇల్లంతా బ్యాటరీ మీద నడపాలనుకోకండి. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై వరకు విడి లైన్ వేయించుకుంటే చిన్న బ్యాటరీతో పని జరిగిపోతుంది. కరెంటు ఎప్పుడో ఒకసారి పోయే చోట, పంపిన యూనిట్‌కి పూర్తి రేటు ఇచ్చే చోట, బ్యాటరీ మీద డబ్బు పెట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

ప్ర: మా ఊళ్లో ఎండలు విపరీతం. అంటే కరెంటు కూడా ఎక్కువే వస్తుందా? మేడ మీద ఒక పక్క వాటర్ ట్యాంకు నీడ పడుతుంది, అది ఇబ్బందా?

జ: ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, అంతకు మించి వేడెక్కే ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మండు వేసవిలో ప్యానెల్ 65 డిగ్రీలకి చేరితే 12 నుంచి 16 శాతం పోయినట్టే. అందుకే కప్పుకి అంటించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా బిగించమనండి.

నీడ మాత్రం నిజమైన ఇబ్బంది. ప్యానెళ్లు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి, దాంతో ఒక దాని మీద నీడ పడితే నష్టం అక్కడితో ఆగకుండా మిగతావాటి మీద కూడా పడొచ్చు. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు నీడ ఎటు తిరుగుతుందో చూడండి, చలికాలంలో సూర్యుడు కిందగా ఉంటాడు కాబట్టి అప్పుడు నీడ ఇంకా సాగుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. ట్యాంకు జరపలేకపోతే ప్యానెళ్లకి విడివిడిగా మైక్రో ఇన్వర్టర్లు పెట్టించడం ఒక దారి, రెండు ప్యానెళ్లు తగ్గించుకోవడం ఇంకో దారి. చాలాసార్లు రెండోదే చౌక.

ప్ర: నాకు 64 ఏళ్లు, రిటైరయ్యాను. ఈ వయసులో పాతికేళ్ల వ్యవహారం ఎందుకని మా పిల్లలు అంటున్నారు. ధరలు ఇంకా తగ్గేదాకా ఆగమంటారా?

జ: మీ పిల్లలు మీ గురించి ఆలోచించే అలా అంటున్నారు, కానీ పగలు ఇంట్లో ఉండే మీలాంటివాళ్లకే సోలార్ బాగా కలిసొస్తుందండీ. వచ్చిన యూనిట్లు వచ్చినట్టే వాడుకుంటారు, పెన్షన్ మీద బతికే ఇంటికి నెలనెలా ఒక ఖర్చు తగ్గడం చిన్న విషయం కాదు. ఆస్పత్రి ఖర్చులకని దాచిన డబ్బు మాత్రం దీనికోసం తీయకండి.

ధరల సంగతికొస్తే, 2010 తర్వాతి పదేళ్లలో ప్యానెళ్ల ధరలు దాదాపు 90 శాతం పడిపోయాయి. ఇప్పుడు మొత్తం ఖర్చులో ఇన్వర్టర్, స్టాండు, వైరింగ్, కూలీల వాటా బాగానే ఉంటుంది, అవి అలా పడిపోవు. ఆగిన ప్రతి ఏడాదీ బిల్లు కడుతూనే ఉంటారు. ఆగాల్సిన కారణం ఒక్కటే, కప్పు. కారుతున్నా, కొన్నేళ్లలో మరమ్మతు పడేలా ఉన్నా ముందు ఆ పని చేయించండి, ప్యానెళ్లు విప్పి మళ్లీ బిగించడం వృథా ఖర్చు.

ప్ర: ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం, ఏం చూసి ఎంచుకోవాలి?

జ: కిలోవాట్‌కి ఎంత అని కాదు, మీ కప్పు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో ముగ్గురినీ రాసివ్వమనండి, మొత్తం ధరని దాంతో భాగించి పోల్చండి. 25 ఏళ్ల వారంటీ అన్నారంటే అది చాలావరకు ఉత్పత్తి ఇంత శాతం కంటే తగ్గదన్న హామీ, ప్యానెల్ పగిలినా పాడైనా మార్చిచ్చే వారంటీ వేరే ఉంటుంది, రెండూ విడివిడిగా అడగండి. ఇన్వర్టర్ ఆగిపోతే ఎవరు వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది కూడా కాగితం మీద ఉండాలి. దుమ్ము ఎక్కువుండే చోట ప్యానెళ్లు తరచూ కడగాలి, కాబట్టి పైకి ఎక్కి నిలబడడానికి దారి వదిలారో లేదో డ్రాయింగ్‌లో చూసుకోండి. యూనిట్ల లెక్క రాసివ్వడానికి వెనకాడేవాళ్ల కొటేషన్ ఎంత చౌకైనా పక్కన పెట్టేయండి.